బీరువాలో కొత్త సర్టిఫికెట్

ఏ వెబ్‌సైట్ తెరిచినా ఆమె చూపు ముందు తాళం గుర్తు మీదే పడుతుంది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో, గడువెప్పటిదాకానో చూశాకే మిగతాది చదువుతుంది. అందుకే వదిన ఆమెకు తాళాలమ్మ అని పేరు పెట్టింది. వదిన కుట్టే గుడ్డబొమ్మలకు సైటు కట్టిందీ ఈ ఆడపడుచే. చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ సొంతంగా నేర్చిన పని.

అమ్మకాలు మొదలుపెట్టిన ఉదయమే ఆ సైటు సర్టిఫికెట్ గడువు ముగిసింది. కొనబోయినవాళ్లకల్లా "ఈ సైటు సురక్షితం కాదు" అన్న ఎర్ర హెచ్చరికే. తాళాలమ్మ కొత్తది తెప్పించి పెట్టినా ఎరుపు పోలేదు. "ఫర్వాలేదు, అది పట్టించుకోకుండా లోపలికి రమ్మందాం," అంది వదిన కంగారుగా. "దొంగ సైటువాడూ అదే అంటాడు వదినా, ఉండు." వేళ్లు విరుచుకుని తేదీ మళ్లీ చూసింది: పాతదే. చటుక్కున లేచి నిలబడింది. "సైటును నడిపే సర్వర్ ఇంకా పాత సర్టిఫికెట్టే చూపిస్తోంది. కొత్త చొక్కా బీరువాలో పెట్టి, చిరిగినదే తొడుక్కు తిరుగుతోంది." "అచ్చం మీ అన్నయ్యలాగే," అంది వదిన. సర్వర్‌ను ఆపి మళ్లీ నడపగానే ఎరుపు పోయి బొమ్మలు కనిపించాయి. కాసేపటికే తొలి ఆర్డరు టింగుమంది. వదిన చప్పట్లు కొడుతూ గదంతా తిరిగింది. తాళాలమ్మ మాత్రం తాళం గుర్తు నొక్కి, కొత్త తేదీ చదివాకే నవ్వింది.