వత్తల్‌మలై కబురు

ధర్మపురి బస్టాండు వెనక వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే వినోదినికి వత్తల్‌మలై కొండమీద ఒక పిన్నమ్మ ఉంది. పేరు పాపక్క. పెళ్లయిన నాటినుంచీ అక్కడే కాపురం, కాఫీ తోటలో పని. ఒక ఏడు ఐప్పసి నెల వానలకు కొండదారి తెగింది, సెల్ టవరు ఆగిపోయింది. చెల్లెలు ఎలా ఉందో తెలియక వినోదిని తల్లి మీనాక్షమ్మకు ముద్ద దిగలేదు. దారి తెరిచాక పాపక్కే బస్సు దిగివచ్చి, "నాకేమీ కాలేదక్కా, బాగుండాను" అని నవ్వింది. వినోదినికి మాత్రం నవ్వు రాలేదు. ఊరందరి ఫోన్లూ బాగుచేస్తూ, సొంత మనుషుల క్షేమం తెలుసుకోలేకపోవడం ఆమెను తొలిచేసింది.

ఆ బాధతో వెతుకుతుంటేనే లోరా రేడియోల సంగతి తెలిసింది. అరచేతిలో పట్టే పెట్టె. టవరూ సిమ్మూ అక్కర్లేదు. గొంతు వినిపించదు గానీ, చిన్న సందేశాన్ని మైళ్ల అవతలి పెట్టెకు చేరుస్తుంది. అది ఇంకో పెట్టెకు అందిస్తుంది. సోలార్ పలక, చిన్న బ్యాటరీ ఉంటే చాలు.

ఒక పెట్టెను దుకాణం మిద్దెమీద, ఇంకోదాన్ని పాపక్క ఇంటిమీద పెట్టింది. ఒక్క కబురూ రాలేదు. ఆ ఇల్లు గట్టు చాటున పల్లంలో ఉంది మరి. ఎలక్ట్రీషియన్ అయిన భర్త ముత్తుకుమార్‌ను వెంటబెట్టుకుని, సెలవు దొరికినప్పుడల్లా గట్టు వెంబడి నడిచింది. చివరికి ఒక బండమీద నిలబడితే చేతిలోని పెట్టెకు దుకాణమూ అందింది, పిన్నమ్మ ఇల్లూ అందింది. అక్కడ మూడో పెట్టె బిగించారు. వారం తిరక్కుండానే కోతులు యాంటెన్నా పీకేశాయి. ఈసారి దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో దాచి మళ్లీ కట్టారు. కొండ దిగువన టీకొట్టు నడిపే కణ్ణగి, తన కొట్టు పైకప్పుమీద కూడా ఒకటి పెట్టమంది.

"నాకు అక్షరం రాదే కన్నూ, దీంతో నేనేమి చేసేది?" అంది పాపక్క.

వినోదిని ఆమె పెట్టెకు రెండు బొత్తాలు అమర్చింది. తెల్లది నొక్కితే క్షేమం, ఎర్రది నొక్కితే ఆపద. పొద్దున్నే కోళ్లను వదిలి పాపక్క తెల్లది నొక్కేది. ఇక్కడ దుకాణంలో పెట్టె కూయగానే మీనాక్షమ్మ కాఫీ గ్లాసు అందుకునేది.

మరుసటి వానల్లో, కొండమీది టవరు మళ్లీ మూగబోయిన ఒక మధ్యాహ్నం, ఎర్ర బొత్తం కబురు వచ్చింది. వినోదిని ముందు 108కి ఫోన్ చేసింది. అంతలో, పాపక్క పక్కింటి విజి తన ఫోన్‌ను ఆ పెట్టెకు కలిపి తమిళంలో రాసింది: గోడ కూలి మా ఊరి సెంగోడన్ కాలు నలిగింది, రక్తం ఆగడం లేదు, దారిమీద బండలు పడ్డాయి.

"గట్టిగా గుడ్డ కట్టి బండల దాకా మోసుకురండి. ఇవతలికి ఆంబులెన్సు వస్తుంది" అని వినోదిని రాసింది. ఆంబులెన్సు వస్తోందని కణ్ణగికీ కబురు పంపింది. కణ్ణగి గొడుగు పట్టుకుని రోడ్డుమీద నిలబడి, ఆంబులెన్సును ఆపి దారి చెప్పింది. పైన, కంబళిని కర్రకు కట్టి సెంగోడన్‌ను మోసుకొచ్చి, బండల మీదుగా చేతులు మార్చుకుంటూ దించారు.

"బండెక్కించినాము" అని విజి నుంచి కబురు వచ్చేదాకా వినోదిని కుర్చీలో కూర్చోలేదు. వచ్చాక తల్లి భుజంమీద వాలి ఏడ్చింది. మీనాక్షమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఏడ్చేదెందుకే? ప్రాణం నిలబెట్టినావు" అంది.

సెంగోడన్ కాలు దక్కింది. ఊతకర్రతో దుకాణానికి వచ్చి అతను అడిగిన మొదటి మాట, "మా ఊరి అవతలి ఊరికి కూడా ఒకటి పెట్టి ఇస్తావా, అమ్మా?"

"పెట్టి ఇయ్యను, నేర్పిస్తాను. మీరే పెట్టుకోవాల" అంది వినోదిని.

ఇప్పుడు ఆదివారాల్లో దుకాణం మిద్దెమీద పెన్నాగరం, కడత్తూరు మనుషులు చేరి పెట్టెలు కట్టడం నేర్చుకుంటున్నారు. పాపక్క కూడా కొండ దిగివచ్చి, కోతులకు అందకుండా యాంటెన్నా ఎలా దాచాలో చేసి చూపిస్తుంది. మొన్న ఎవరో మెట్ల దగ్గర ఆగి, "ఇది ఏ కంపెనీదమ్మా?" అని అడిగారు.

మీనాక్షమ్మ చెంగు సర్దుకుని నిలబడింది. "కంపెనీ ఏమీ లేదప్పా. నా కూతురు చేసింది. కొండమీద నా చెల్లెలు చూసుకుంటా ఉండాది. పైకి రా, నువ్వూ నేర్చుకుందువు."