తోట కుక్క, మా పాప

ఎండాకాలం సెలవులకు మేము బనగానపల్లె దగ్గర మా నాయన మామిడి తోటకు పోతాము. నేనుండేది కర్నూలులో. తోట చూసుకునేది తమ్ముడు. కాయ దిగే నెలల్లో కోతుల బెడద, దొంగల బెడద ఉంటుందని వాడొక కుక్కను పెంచాడు. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి వాలి ఉంటుంది. పగలంతా మోటారు గది పక్కన గొలుసుతో కట్టేసేవాడు, పొద్దు గూకినాక వదిలేవాడు.

ఇది జరిగినప్పుడు మా పాపకు నాలుగేళ్ళు. అంతకు ముందు ఏడు ఆ కుక్క చిన్న పిల్లగా ఉంటే ఒళ్ళో వేసుకుని ఆడింది. ఈసారీ అట్లాగే అనుకుంది. వచ్చినప్పటి నుంచి దాని మెడ పట్టుకుని వేలాడేది. కుక్క మొహం పక్కకు తిప్పుకునేది, గొలుసు సాగినంత దూరం జరిగేది. మేము చూసి నవ్వుకునేవాళ్ళం.

"దీనికి శానా ఓర్పు" అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం మరదలు కుక్కకు సంగటి పెట్టి వచ్చింది. మేమంతా వసారాలో కాయలు ఏరుతున్నాం. పాప తాను చీకిన టెంకను కుక్క గిన్నెలో వేయబోయిందట, ఆ మాట తర్వాత తనే చెప్పింది. మాకు వినబడింది ఒక గుర్రు, వెంటనే పాప కేక. ఉరికి చూస్తే ముంజేతి మీద పళ్ళు దిగి నెత్తురు కారుతోంది. కుక్క గోడకు అతుక్కుని నిలబడి ఉంది.

అమ్మ పసుపు, కారం తెమ్మని అరిచింది. నేను వద్దని పాపను బోరు దగ్గరికి ఎత్తుకుపోయి, ధార కింద చేయి పెట్టి సబ్బుతో కడిగాను. అది ఏడుస్తూనే ఉంది, నేను కడుగుతూనే ఉన్నాను. తమ్ముడు కట్టె తీసుకుని కుక్క మీదికి పోతుంటే నాయన అడ్డం నిలబడ్డాడు.

"ముందు బిడ్డను ఆసుపత్రికి తీసుకపోరా. దాన్ని కొడితే గాయం మానుతాదా?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం చూసి, "కుక్క ఎవరిది? సూదులు వేయించినారా?" అని అడిగింది.

"మా తోటదే మేడం. యాడికీ పోదు, కట్టేసే ఉంటాది" అన్నాడు తమ్ముడు.

"కట్టేస్తే సూది వేయించినట్లా అప్పా?"

గాయం చుట్టూ సూదులు వేస్తున్నప్పుడు పాపను గట్టిగా పట్టుకున్నది తమ్ముడే. మిగతా సూదులు ఎప్పుడెప్పుడో చెప్పి, కుక్కను చంపొద్దు, ఎక్కడికీ తోలొద్దు, పిచ్చి లక్షణాలు కనబడతాయేమో పది రోజులు కనిపెట్టి చూడమంది ఆమె.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకోలేదు. "ఆత్మకూరు పక్క అడివిలో ఇడ్సిపెట్టి రాపో. నాకు దాన్ని చూస్తే భయమైతాంది."

"ఆడ ఇంకొకరి బిడ్డను కరిస్తే?" అన్నాడు నాయన. "పొద్దంతా గొలుసుకు కట్టేసి, తినేకాడికి బిడ్డను పోనిచ్చినాము. తప్పు దానొక్కదాన్దే ఎట్లయితాది?"

మిగిలిన సూదుల కోసం మేము కర్నూలు వచ్చేశాం. తమ్ముడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. "బాగానే తింటాండాదక్కా. నీళ్ళు తాగుతాండాది." ఆ మాట వినేదాకా నాకు ఏ పనీ తోచేది కాదు. వాడి మీద కోపం మాత్రం చాన్నాళ్ళు పోలేదు. ఫోన్ పెట్టేసేటప్పుడు జాగ్రత్త అని కూడా అనేదాన్ని కాదు.

గడువు దాటింది, కుక్కకు ఏమీ కాలేదు. తమ్ముడు దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి టీకాలు వేయించాడు. చెట్ల నీడన ఇనుప కంచె కట్టి, అందులో గొలుసు లేకుండా వదిలాడు. తిండి కూడా ఆ కంచెలోనే. పిల్లలు వస్తే తలుపు గడియ వేసే ఉంచుతాడు. కాయలు కొనడానికి వచ్చేవాళ్ళు పిల్లలను వెంట తెస్తే, "పెద్దోళ్ళు లేకుండా పిల్లోళ్ళను ఈడికి రానీయద్దప్పా" అని తనే చెబుతాడు.

పాప కొన్నాళ్ళు వీధి కుక్క కనబడితే నా చీర కొంగు పట్టుకునేది. నేను బలవంతంగా దగ్గరికి తీసుకుపోలేదు. ఉరకొద్దని, కదలకుండా నిలబడమని, తినే కుక్క దగ్గరికీ పడుకున్న కుక్క దగ్గరికీ పోవద్దని మాత్రం చెప్పాను.

మరుసటి ఏడు తోటకు పోయినప్పుడు కంచెకు దూరంగా మంచం మీద కూర్చుని చూసింది. కుక్క లేచి వచ్చి కంచె దగ్గర నిలబడి తోక ఊపింది.

"అమ్మా, దానికి నేను గుర్తుండానా?" అని అడిగింది.

తెలీదన్నాను. పాప కాసేపు చూసి, మామ కాయలు కోస్తున్న వైపు వెళ్ళిపోయింది.