బేస్‌మెంట్‌లో దొంగ స్వరం

1984లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా ఇంటి బేస్‌మెంట్‌లో శనివారాలు కర్ణాటక సంగీతం నేర్పేదాన్ని. చిలక పలుకులంటే నాకు మొదటినుంచీ పడదు. అందుకే ఒక ఆట కనిపెట్టాను. మోహన రాగంలో ఐదు స్వరాలే, మ, ని ఉండవు. పాడుతూ పాడుతూ ఉండకూడని స్వరం ఒకటి దూర్చేదాన్ని. పిల్లలు ఆ దొంగను పట్టుకోవాలి. ఇక ఇల్లు అదిరిపోయేది.

పదేళ్ల కవిత ఒక్కతే ఆ గోలలో కలిసేది కాదు. పాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. వాళ్ళ నాన్న మూర్తిగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇది మీ టైమ్ వేస్ట్ చేస్తోందండీ, ఈ వారం చూసి మాన్పించేస్తానని చెప్పి, ఆ శనివారం వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. కానీ ఆ పిల్ల ఎంత శ్రద్ధగా వింటుందో నాకు తెలుసు.

ఆ రోజు ఆరోహణ, అంటే పైకి వెళ్ళే వరస, శుభ్రంగా పాడాను. అవరోహణలో, అంటే కిందికి దిగేటప్పుడు, మ దూర్చాను. రెండోసారీ అంతే. మ దొంగ, మ దొంగ అని అందరూ అరిచేశారు. కవిత చెయ్యెత్తింది.

"ఆంటీ, మ పైకి వెళ్ళేటప్పుడు రాలేదు. కిందకే వచ్చింది. ఎవ్రీ టైమ్ అలాగే వస్తే దొంగ ఎలా అవుతుంది? మే బీ అది వాళ్ళ ఇల్లే."

పైకి మోహనలా వెళ్ళి, దిగేటప్పుడు మ, ని రెండింటినీ కలుపుకునే రాగం నిజంగానే ఉంది. దాని పేరు బిలహరి. ఆ పిల్ల దాన్ని ఎన్నడూ వినలేదు! అనుకున్న పాఠం పక్కన పడేసి అప్పటికప్పుడు బిలహరి ఎత్తుకున్నాను. రెండోసారి దిగేసరికి కవిత గొంతు కలిపింది, గట్టిగా.

మూర్తిగారు లేచి వచ్చారు. టెస్ట్ కార్లలో చప్పుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టడం ఆయన పనట.

"మేమూ మొదట అడిగేది అదేనండీ. స్పీడ్ పెంచితే వస్తోందా, తగ్గిస్తే వస్తోందా, ప్రతిసారీ వస్తోందా అని. నేను జీతం తీసుకుని ఆఫీస్‌లో అడిగేది, ఇది ఇంట్లో ఊరికే అడుగుతుంటే విసుక్కుంటున్నాను."

మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ వారం నుంచే దొంగను పట్టినవాళ్ళు అది దొంగేనని నిరూపించాలని కూడా రూల్ పెట్టాను. పిల్లలు కాసేపు సణిగారు, తర్వాత వాదించుకోవడం మరిగారు. స్వరాన్ని గుర్తుపట్టాక ఒక్క క్షణం ఆగి, నేననుకున్నది నిజమేనా అని అడగడం కూడా సంగీతంలో భాగమేనని నాకు కవిత వల్లే బోధపడింది. ఇప్పటికీ బిలహరి పాడుతూ దిగేటప్పుడు మ దగ్గర నాకు నవ్వొస్తుంది. పాపం, అది వాళ్ళింటికే వచ్చింది.