బయాప్సీకి ముందు తొమ్మిది శనివారాలు

పీణ్య పారిశ్రామికవాడలో నేను పనిచేసే మెషిన్ షాపుకు బయలుదేరే ముందు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు. ఆ రోజు బుష్‌లనే చిన్న లోహపు గొట్టాలు కొలుస్తూ రెండుసార్లు తప్పు సైజు పాస్ చేశాను. సూపర్‌వైజర్ అరిచినా చెవికెక్కలేదు.

మూడో రోజు మామోగ్రామ్ తీశారు. డాక్టరమ్మ చూసి, “బయాప్సీ ఈ వారమే చేయించుకోండి నిర్మలా, లేట్ చేయొద్దు” అంది.

నా భర్త పోయాక నేనూ అత్తమ్మా ఇద్దరమే ఉంటున్నాం. ఆమె ఇదే ఊళ్లో కాటన్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. జపమాల చేతిలో లేకుండా నేనెప్పుడూ చూడలేదు. సంగతి విని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“సూదితో పొడిస్తే అది ఒళ్లంతా పాకుతాదమ్మా. మరియమాతకు తొమ్మిది శనివారాలు మొక్కుకో. ఆమె కొడుకు క్రీస్తు కోపంగా ఉండాడు. తల్లి చెప్తేనే వింటాడు.”

ఆమె నన్ను బలవంతపెట్టలేదు. నాకే ఆ మాట కావలసి ఉంది. రిపోర్టు చూడాలంటే భయం. తొమ్మిది శనివారాలూ ఉపవాసముండి మాత గుడికి వెళ్లాను. తొమ్మిదోవారానికి గడ్డ నిమ్మకాయంత అయింది.

బయాప్సీ, తర్వాత పెట్ స్కాన్. స్టేజ్ త్రీ కేన్సర్. “చంకలోని లింఫ్ నోడ్స్‌లోకి వెళ్లింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది. అత్తమ్మ తల వంచుకుంది.

రెండో కీమో తర్వాత జ్వరం నూట మూడు దాటింది. తెల్లరక్తకణాల కౌంట్స్ పడిపోయాయని విడి గదిలో పెట్టారు. నోటినిండా పుండ్లు, ఉమ్మి మింగాలన్నా ఏడుపొచ్చేది. జబ్బుపడ్డవాళ్లకు నూనె పూసి ప్రార్థించే అభ్యంగనం నాకు ఇవ్వడానికి మా చర్చి విచారణ గురువు ఫాదర్ బాలశౌరి వచ్చాడు. నూనె పూయకముందే ఆయన చెయ్యి ఆపాను.

“ఫాదర్, దేవుడి కోపాన్ని ఆపగలిగేది మరియమాత ఒక్కతే అని నమ్మాను. ఆమె కూడా నన్ను వదిలేసింది.”

“అలా ఎవరు చెప్పారమ్మా?”

గుమ్మం దగ్గర నిలబడిన అత్తమ్మ, “నేనే చెప్పినాను. మా అమ్మ నాకు అట్లే చెప్పింది” అంది.

ఫాదర్ మెల్లగా చెప్పాడు. “పోప్‌గారి ఆమోదంతో ఈమధ్య ఒక పత్రం వచ్చింది. మరియమ్మను సహరక్షకురాలు, అంటే క్రీస్తుతోపాటు రక్షించేది, అనడం తగదని అందులో రాశారు. రక్షించేది క్రీస్తు ఒక్కడే. ఆయన కోపంగా ఉంటే బుజ్జగించడానికి తల్లి కావాలనేది మన విశ్వాసం కాదు. ఆమె మన తల్లి. మనతోపాటు ప్రార్థిస్తుంది. సిలువ కింద ఆమె కూడా కొడుకును కాపాడుకోలేక నిలబడింది.”

“మరి నేను పోగొట్టుకున్న రెండు నెలలు?”

ఫాదర్ నూనె సీసా కింద పెట్టి, మంచం పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు అభ్యంగనం తీసుకున్నాను గానీ అత్తమ్మతో మాట్లాడలేదు. వారంరోజులు ఆమె మాస్కు కట్టుకుని వచ్చేది, గంజి చెంచాతో పట్టేది, వెళ్లేది. ఎనిమిదోరోజు గిన్నె పక్కన పెట్టి, “నన్ను తిట్టు నిర్మలా. ఊరికే ఉండొద్దు” అని నా కాళ్లు పట్టుకుంది.

తిట్టాను. నోటి పుండ్లు చిట్లి రక్తం వచ్చేదాకా తిట్టాను. ఆమె తుడిచింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. “జపమాల చెప్పండి. నయం చేయమని మాత్రం అడగొద్దు” అన్నాను. ఆమె చెప్తుంటే చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది.

ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. అయిపోయిందనుకున్న ఏడాదికి వెన్నెముకలో మచ్చ కనిపించింది. “క్యూర్ అని చెప్పలేను, కంట్రోల్‌లో పెడదాం” అంది డాక్టరమ్మ. ఇప్పుడు మాత్రలతో ఉన్నాను. సగం షిఫ్టు కూర్చుని చేస్తాను. కొన్ని ఉదయాలు మంచం దిగాలంటే అత్తమ్మ భుజం కావాలి. భయం పోలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. మొక్కు ఉంటే మొక్కుకోండి, కానీ డాక్టరు చెప్పిన తేదీనే బయాప్సీ చేయించుకోండి. గుడికి ఆ సాయంత్రం వెళ్లొచ్చు.