ఊపి చూడమన్న ఓబులేసన్న

కాలిన రాగి తీగకు ఒక వాసన ఉంటుంది. పాడైపోయిన బోరు మోటారు మా షాపుకు వచ్చినప్పుడు మూత విప్పగానే ఘాటుగా ముక్కుకు తగులుతుంది. వార్నిష్ మాడిన వాసన అది. ధర్మవరంలో ఇన్నేళ్లుగా మోటార్లకు తీగ చుట్టి బతుకుతున్నదాన్ని, ఈపాటికి అలవాటు పడి ఉండాలి. పడలేదు. అది తగిలినప్పుడల్లా ముందు ఓబులేసన్న మీద విసుగొస్తుంది. ఆ తరవాత నా మీద నాకు.

ఓబులేసన్న నాకు పని నేర్పినవాడు. డెబ్బైల చివర మా వీధి మొదట్లో ఆయనకు చిన్న రేడియో రిపేరు అంగడి ఉండేది. రేడియోలు బాగుచేస్తూనే పాటల బృందాలకు వాల్వు ఆంప్లిఫయర్లు స్వయంగా కట్టి ఇచ్చేవాడు. యాభై దాటాక చూపు తగ్గి, వాటిలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు వెంట్రుకంత తీగ చుట్టడం ఆయనకు కష్టమైంది. మా ఇంట్లో నేను మగ్గానికి కండెలు చుడుతుంటే దారిన పోతూ చూసేవాడట. ఒకరోజు లోపలికొచ్చి మా నాయనతో, "నీ బిడ్డ చేతిలో దారం తెగదు. నా అంగట్లో రాగి తీగ చుట్టేదానికి పంపించు" అన్నాడు.

"మైకుల అంగట్లో ఆడపిల్లకు ఏం పనప్పా?" అన్నాడు నాయన.

"మైకులో పాడమనలేదే, తీగ చుట్టమంటాండా."

నాకప్పుడు ఇరవైరెండేళ్లు. మగ్గం గుంత పక్కన కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉన్నాను. మరునాడే వెళ్లాను. అక్కడ అంతకంటే పెద్ద విసుగు నా కోసం కాచుకుని ఉందని తెలియదు.

ఆ మనిషితో పనిచేయడం ఎలాంటిదో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. నేను తీగ చుట్టి లెక్క చెబితే, ఆయన మళ్లీ లెక్కపెట్టేవాడు. ఒక్క చుట్టు తేడా వస్తే మొత్తం విప్పించేవాడు. అన్నిటికంటే నన్ను చంపుకుతిన్నది స్పీకరు పెట్టెలను ఊపడం. ఆంప్లిఫయరు వెనక నాలుగు, ఎనిమిది, పదహారు ఓములని మూడు సాకెట్లుంటాయి. ఏ పెట్టె ఎన్ని ఓములదో తేల్చి, దానికి సరిపోయే సాకెట్‌కే తగిలించాలి. అది తేల్చడానికి మీటరు పెడితే సరిపోతుందని నేననుకునేదాన్ని. ఆయనకు చాలేది కాదు. మీటరు తగిలించి ఉంచి పెట్టెను నాలుగు వైపులా గుద్దమనేవాడు, వైరు కదపమనేవాడు, ఎత్తి ఊపమనేవాడు. ముల్లు కదలకూడదు. లోపల ఏ అతుకైనా వదులై పాట మధ్యలో ఊడిందంటే, ఆంప్లిఫయరు పంపే బలానికి పోయే దారి లేక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని ఆయన భయం. మొదటి రెండేళ్లలో ఎన్ని పెట్టెలు ఊపానో లెక్కలేదు. ముల్లు ఒక్కసారీ కదలలేదు. నా భుజాలు మాత్రం పడిపోయేవి.

అలాంటి రోజుల్లో సుధాకరు ఒక పెట్టె తెచ్చాడు. సుధాకరు పట్టుచీరల కొట్లో గుమాస్తా. ఆదివారాలు, ఓబులేసన్న ఆంప్లిఫయరు కట్టిచ్చిన ఒక పాటల బృందంలో బేస్ గిటారు వాయించేవాడు. బెంగళూరులో ఏదో హోటలు బ్యాండువాళ్లు వదిలించుకున్న పాత విదేశీ పెట్టె అది. ముందు గుడ్డ చిరిగింది, వెనక చీటీ మీద అక్షరాలు అరిగిపోయాయి. లోపల రెండు పెద్ద స్పీకర్లు. దాన్ని దించేటప్పుడు బిడ్డను దించినట్టు దించాడు.

"ఏముందన్నా, వైరు తగిలిస్తే అయిపోతాది గదా" అన్నాడు.

ఓబులేసన్న మీటరు పెట్టాడు. ముల్లు ఆరు దగ్గర ఆగింది.

"ఆరా? నీ ఆంప్లిఫయరుకు ఆరు లేదే?" అన్నాడు సుధాకరు.

"మీటరు కొలిచేది నిద్రపోయే స్పీకరునప్పా. పాట పోతాంటే అది ఎనిమిది. ఎనిమిదికే తగిలించాల. ఇంకా ఊపి చూడల్ల, పాతది గదా. రెండు దినాలు ఈడే ఉండనీ."

సుధాకరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

మరునాడు ఓబులేసన్న గుమ్మఘట్టలో బంధువుల పెళ్లికి బయలుదేరుతూ, "పెట్టెను బాగా ఊపి చూడు నాగరత్నా. ఆ తరవాతే ఇయ్యి" అన్నాడు. ఆయన బస్సెక్కిన గంటకు సుధాకరు వచ్చాడు. గోరంట్లలో మధ్యాహ్నం బడి వార్షికోత్సవమట. వ్యాను బయట హారను కొడుతోంది. నేను మీటరు పెట్టాను. ఆరు. "తీసుకుపో" అన్నాను. తొందరొక్కటే కారణం కాదు. ఆ ఊపడం మీద నాకున్న కసి కూడా కారణం.

మరునాడు పొద్దున సుధాకరు ఆంప్లిఫయరు, పెట్టె రెండూ తెచ్చి దించాడు. నాలుగో పాటలో శబ్దం పోయి వచ్చిందట, మళ్లీ పోయిందట, తరవాత పొగ వచ్చిందట. పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వారట.  అప్పటికే ఊరినుంచి వచ్చేసిన ఓబులేసన్న ఆంప్లిఫయరు మూత విప్పాడు. ఆ వాసన నేను మొదటిసారి పీల్చింది అప్పుడే. కాలింది నేను చుట్టిన ట్రాన్స్‌ఫార్మరే.

"పెట్టె ఊపినావా?" అని అడిగాడు.

"ఊపినానన్నా."

ఆయన తలాడించాడు. మళ్లీ అడగలేదు. నా చుట్లను ఏనాడూ నమ్మని మనిషి ఆ ఒక్క మాట నమ్మేశాడు. సుధాకరుతో, "అయితే తప్పు నా దాంట్లోనే ఉండాదప్పా" అన్నాడు.

తరవాతి మూడు రోజులు నా జీవితంలోకెల్లా చెడ్డవి. ఆయన తన ఆంప్లిఫయరులోని ఒక్కో అతుకూ విప్పి చూశాడు. భూతద్దం పెట్టి తన పాత నోటుబుక్కు తిరగేసి, లెక్కలు కొట్టేసి మళ్లీ వేశాడు. పెట్టె మూలనే ఉంది. దాని జోలికి పోలేదు. "నాగరత్న ఊపింది, అది బాగుండాది" అని తనలో తను అనుకోవడం నాకు వినిపించేది. నాకు ఆయన మీద కోపమొచ్చేది. ఇన్ని అనుమానాల మనిషి, ఒక్కసారి ఆ పెట్టెను అనుమానించకూడదా? మూడో రోజు కదిరి బృందంవాళ్లు కొత్త ఆంప్లిఫయరు కట్టించుకోవడానికి వచ్చారు.

"కండ్లు పోయినాయప్పా. ఏం కలుపుతాండానో నాకే తెలీడంలేదు. ఇంక కట్టను. రేడియోలు చూసుకుంటా" అని వాళ్లను పంపేశాడు.

వాళ్లు మెట్లు దిగి పోగానే చెప్పేశాను. "ఊపలేదన్నా. అబద్ధం చెప్పినాను."

ఆయన లేచి పెట్టెకు మీటరు తగిలించి, "ఊపు" అన్నాడు. రెండో గుద్దుకే ముల్లు పడిపోయింది. వెనక సాకెట్ దగ్గర అతుకు చీలి ఉంది.

"మీటరు తప్పు చూపిస్తే సెల్లు మారుస్తాం" అన్నాడు. "మనిషి తప్పు చూపిస్తే ఏం మార్చాల నాగరత్నా?"

ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కదిరివాళ్లను వెనక్కి పిలుచుకురమ్మన్నాడు. బస్టాండు దాకా ఎండలో పరుగెత్తాను. అక్కణ్నుంచి పట్టుచీరల కొట్టుకు పోయి, గిరాకీల ముందే సుధాకరుకు నిజం చెప్పాను. అతను నాతో రెండు నెలలు మాట్లాడలేదు. తొందరపెట్టి తీసుకుపోయిన నాది సగం తప్పు కాదా అని ఆ తరవాత ఎప్పుడో అన్నాడు.

కాలిన తీగ విప్పి కొత్తది చుట్టడానికి ఐదు రోజులు పట్టింది. చివరి పొర అయ్యాక ఓబులేసన్న, "ఎన్ని చుట్లు?" అన్నాడు. చెప్పాను. నోటుబుక్కులో రాసుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టలేదు. ఇక ఎన్నడూ లెక్కపెట్టలేదు కూడా. అది క్షమో శిక్షో నాకు తేలలేదు గానీ, ఆ రోజు ఇంటికి పోయి నేనే మనసులో మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. పెట్టెలు ఊపించడం మాత్రం ఆయన మానలేదు. నేను విసుక్కోవడమూ మానలేదు. ఎనభైలలో ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు తయారుగా దొరికేదాకా అలాగే సాగింది. ఆయన పోయి చాలా ఏళ్లైంది.

మొన్న తనకల్లు రైతు ఒకాయన వచ్చాడు. వేరుశనగ ఎండిపోతోంది, బాగుకిచ్చిన బోరు మోటారు ఎత్తుకుపోవాలని ఆరాటం. "బాగైనట్టే గదమ్మా? నమ్మి తీసుకుపోతా" అన్నాడు. తీగ చుట్టడం అయింది, మోటారును నీళ్లలో ముంచి పరీక్షించడం మిగిలింది. అవునంటే సరిపోయేది. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు.

"ఇంకా చూడలేదప్పా" అన్నాను. "కూర్చో."

ఆయన నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి నేను ఇంకొకరిని అలాగే చూశాను. ఆ చూపును పట్టించుకోకుండా మోటారును నీళ్ల తొట్టిలోకి దించాను.