మా శనివారం, వాళ్ళ శుక్రవారం

సొంత ఊళ్ళో, సొంత ఇంటి ముందు, పిలిచి కూర్చోబెట్టిన జనం మధ్య పరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి. నేను చేసి చూపించినవాణ్ణి. పోయిన పరువు నా ఒక్కడిదే అయితే ఈపాటికి నవ్వేసి మరిచిపోయేవాణ్ణి. మా నాన్నది కూడా కలిపి పోగొట్టాను.

ఎనభైల నాటి మాట. మాచర్లలో డిగ్రీ పూర్తి చేసి, ఏ ఉద్యోగమూ రాక, రేడియో పక్కన కూర్చునే ఉద్యోగం నాకు నేనే వేసుకున్నాను. షార్ట్‌వేవ్‌లో దేశదేశాల స్టేషన్లు పట్టడం, వాటికి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం, వాళ్ళు పంపే రంగుల కార్డులు గోడకు అంటించడం. జీతం మాత్రం మా నాన్న ఇచ్చేవాడు. ఆయన పేరు కోటయ్య, నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. ఆయన చెమటంతా నా బ్యాటరీలకూ స్టాంపులకూ పోతోందని అమ్మ రోజూ దండకం చదివేది. "పోనీలేవే, తాగుడికి పెట్టట్లేదుగా" అనేవాడు నాన్న.

ఒకరోజు అట్లాంటిక్ అవతలి స్టేషన్ నుంచి కార్డు వచ్చింది. వాళ్ళు రోజూ సాయంత్రం వార్తల తర్వాత శ్రోతల ఉత్తరం ఒకటి చదువుతారు. వచ్చే శనివారం సాయంత్రం నాది చదువుతారట! అన్నం తింటున్న నాన్న దగ్గరికి పరిగెత్తాను.

"నాన్నా, రేడియోలో నీ పేరు చదువుతారంట!"

"నా పేరా? నేనేం చేశాన్రా?"

"రాయి కొట్టి నన్ను చదివించావని రాశా."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎన్నింటికి?" అన్నాడు.

ఇక్కడే నాలోని పండితుడు లేచాడు. అంతర్జాతీయ దినరేఖ గురించి పరీక్షలో బొమ్మతో సహా రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి. పసిఫిక్ మధ్యలో ఉండాల్సిన ఆ గీత మా వసారాలోకి వస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు. వాళ్ళ సాయంత్రం కార్యక్రమం మనకు పొద్దున ఏడింటికి వస్తుంది. నేను రోజూ వినేదే, గంటలో తేడా లేదు. ఇక రోజంటారా, వాళ్ళకు రాత్రయితే మనకు పగలు. కాబట్టి వాళ్ళ శనివారం రాత్రి అంటే మన శనివారం పొద్దున!

తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. పొద్దు ముందు పొడిచేది మనకే. మన శనివారం పొద్దున ఏడింటికి వాళ్ళింకా శుక్రవారం రాత్రి భోజనాల్లో ఉంటారు. ఈ ముక్క నాకప్పుడు తట్టలేదు.

శనివారం వచ్చింది. నాన్న పని మానేశాడు. మానేసి ఊరుకోలేదు, మేస్త్రి వెంకటేశ్వర్లునీ, తోటి పనివాళ్ళనీ తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. పెళ్ళిళ్ళకు తప్ప తీయని తెల్లచొక్కా వేసుకుని రేడియోకు ఎదురుగా కూర్చున్నాడు. రేడియో రిపేరు షాపు పెట్టుకున్న నా స్నేహితుడు మస్తాన్ ఏరియల్ సరిచేశాడు. అమ్మ అందరికీ టీలిచ్చింది.

ఏడయింది. అవతలివాడు గుడ్ ఈవినింగ్ అంటూ రోజు పేరు కూడా చక్కగా చెప్పాడు. మస్తాన్ నా చెవి దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, ఫ్రైడే అంటన్నాడేందిరా?"

"పాత టేపు వేసుంటాడు."

"వార్తలకి పాత టేపేందిరా?"

"నోర్మూసుకో! జాగ్రఫీ చదివింది నువ్వా, నేనా?"

వార్తలయ్యాయి. ఉత్తరం మొదలయింది. ఎక్కడో చలిదేశంలో గొర్రెలు పెంచుకునే ఆసామి రాసింది.

"ఇదేనా అబ్బయ్యా?" అన్నాడు మేస్త్రి.

"కాదు. ఇది గొర్రెలాయనది. తర్వాత మనదే."

తర్వాత పాటొచ్చింది. పాట తర్వాత గుయ్‌మని మోత వచ్చింది.

"ఇప్పుడా?"

"వచ్చిద్ది, ఉండండి."

"గొర్రెలెప్పుడు కొన్నావయ్యా కోటయ్యా, మాకు చెప్పనేలేదే!" అన్నాడు మేస్త్రి. వసారా అంతా గొల్లుమంది.

"రేపు కూడా ఓసారి పెట్టి చూద్దాంరా" అన్నాడు మస్తాన్, అందరి ముందూ. అప్పుడైనా 'లెక్క తప్పాను, రేపు రండి' అంటే నా సొమ్మేం పోయేది? నేనేమన్నానో వినండి. "రేపేంది, నా మొహం! వాళ్ళే మాట తప్పారు. తెల్లోళ్ళని నమ్మకూడదు!"

నాన్న తిట్టినా, రేడియో ఎత్తి నా నెత్తిన కొట్టినా బాగుండేది. లోపలికెళ్ళి చొక్కా విప్పి, మడత పెట్టి వచ్చాడు. "పదండి మేస్త్రీ, సగం రోజన్నా పని చేసుకుందాం" అన్నాడు.

ఆదివారం కూడా ఆయన క్వారీకే పోయాడు. నేను ముసుగు తన్ని పడుకున్నాను. మస్తాన్ ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చి ఆ ముసుగు లాగేశాడు.

"చదివార్రా! ఇప్పుడే, మా షాపులో విన్నా! నీ పేరు, మన ఊరు, బాబాయ్ పేరు! 'కొటాయా' అన్నాడుగానీ మన కోటయ్యేరా! చానా గొప్ప తండ్రన్నాడు!"

అంతకు ముందెన్నడూ అంత ఏడవలేదు నేను.

సాయంత్రం నాన్న రాగానే మస్తాన్ జరిగిందంతా చెప్పాడు. అల్లా మీద ఒట్టేశాడు. నాన్న ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు మంచోడివిరా మస్తానూ. స్నేహితుడి పరువు నిలబెడదామని ఒట్టు కూడా వేశావు. టీ తాగి పో."

"నిజంగా చదివారు నాన్నా!"

"సర్లేరా, చదివార్లే" అన్నాడు, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

మళ్ళీ చదవమని ఆ స్టేషన్‌కు బతిమాలుతూ రాశాను. ఒకే ఉత్తరం రెండుసార్లు చదివే ఆచారం వాళ్ళకు లేదట. అలా దేశదేశాల జనం మా నాన్న పేరు విన్నారు. వినంది ఆయనొక్కడే.

అప్పుడే, కుడిచేయి రేడియో మీద పెట్టి భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఒకటి, ఇక ఈ జన్మలో పరదేశపు గడియారం జోలికి పోను. రెండు, మా నాన్న గురించి మంచిమాట చెప్పాలనిపిస్తే సముద్రాలు దాటించకుండా ఆయన ఎదుటే నిలబడి, తెలుగులో, నోటితో చెబుతాను. మొదటిది ఇప్పటికీ తప్పలేదు. రెండోది రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అనుకుంటూ వచ్చాను. రోజుల లెక్కలో నేనెంత మొనగాణ్ణో మీకు తెలిసిందేగా. ఆయన పోయాడు.