ఏమీ అనిపించని మధ్యాహ్నం

కయాని ఊళ్లో ఇర్మెలి కొక్కో అనే టీచరు ఇరవై ఆరేళ్లుగా పై తరగతులకు ఫిన్నిష్ భాష చెబుతోంది. పిల్లలు పరీక్ష తప్పితే తానే తప్పినట్టు కుమిలిపోయే మనిషి. ఒక్కో వ్యాసం కింద అరపేజీ రాసిచ్చేది. ఎవరు సెలవు పెట్టినా ఆ తరగతి ఆమె నెత్తినే పడేది.

తోటి టీచరు సైమి ఒకసారి కాఫీ గదిలో అననే అంది: "అడిగినవన్నీ మోస్తుంటే ఇంకా మోయమనే అంటారే. కాస్త దించుకో."

ఇర్మెలి నవ్వి తరగతికి వెళ్లిపోయింది. దించితే తాను చేతకానిదని తేలిపోతుందన్న భయం ఆమెది. అది ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆ ఏడు చలి మొదలయ్యేసరికి అరపేజీ కాస్తా ఒక్క వాక్యమైంది. ఫోనులో పిల్లల తల్లిదండ్రుల సందేశం కనబడితే తెరవకుండా పక్కన పెట్టేది. పొద్దున బడి ముందు కారు ఆపి, దిగడానికి పది నిమిషాలు ఓపిక కూడగట్టుకునేది. ఇదంతా బద్ధకమని తనను తానే తిట్టుకుని ఇంకో తరగతి ఒప్పుకునేది.

నవంబరులో ఒక మధ్యాహ్నం, ఎనిమిదో తరగతి హెల్కా అందరూ వెళ్లాక ఆగిపోయింది.

"అమ్మా నాన్నా విడిపోతున్నారు టీచర్. ఎవరి దగ్గరుంటావో నువ్వే చెప్పు అంటున్నారు," అని ఏడ్చింది.

ఇర్మెలి ఆ పిల్ల భుజం మీదుగా గడియారం చూసింది. లోపల ఏమీ కదల్లేదు. జాలి లేదు, విసుగూ లేదు. హెల్కా ఆమె ముఖంలోకి చూసి ఏడుపు ఆపేసింది. "మీరు అలసిపోయినట్టున్నారు. పర్లేదులెండి," అని సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఇర్మెలి తిన్నగా ప్రధానోపాధ్యాయుడు ఓలవి గదికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి, "ఒక పిల్ల నా ముందు ఏడ్చింది ఓలవీ. నాకేమీ అనిపించలేదు," అంది. హెల్కాతో ఈ రోజే ఎవరైనా మాట్లాడాలని, తనకు సెలవు కావాలని కూడా చెప్పింది. పరీక్షలయ్యాక సెలవు చూద్దామన్నాడాయన. అన్నాళ్లు ఆగలేనంది.

డాక్టరు మూడు నెలలు సెలవు రాశాడు. మొదటి వారాలన్నీ నిద్రే. మెలకువగా ఉన్నంతసేపూ, తన పని ఇంకొకరు చేస్తున్నారన్న సిగ్గు. బడి కాక మీకేం ఇష్టమని మనస్తత్వ నిపుణురాలు అడిగితే ఆ గంటంతా బడి గురించే చెప్పింది.

తిరిగి వచ్చేసరికి హెల్కా తల్లితో ఓలు అనే ఊరికి వెళ్లిపోయింది. ఇర్మెలి నాలుగు ఉత్తరాలు రాసి చించేసి, అయిదోది రెండు వాక్యాల క్షమాపణగా పంపింది. జవాబు రాలేదు.

ఇప్పుడు సగం తరగతులే చెబుతోంది. మొన్నామధ్య ఓలవి ఇంకొకటి చేర్చుకోమంటే రెండు రోజులు మథనపడి కుదరదంది. ఆ వారమంతా ఏదో నేరం చేసినదానిలా అతనికి ఎదురుపడకుండా తిరిగింది.